తిరుమల మెట్లు దిగిన మూడో రోజు తొడ కండరంలో ఏం జరిగింది?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కదా. మీకు 36 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజూ గంటసేపు పార్కులో నడుస్తారు. మీరూ మీ ఆవిడా అలిపిరి నుంచి నడిచి కొండెక్కారు. దర్శనం అయ్యాక ఆవిడ బస్సులో దిగారు. మీరు మాత్రం "ఎక్కడమే అయిపోయింది, దిగడం ఎంతసేపు" అని మళ్లీ మెట్ల మీదుగానే దిగారు. ఆ రోజు ఇద్దరికీ ఏమీ కాలేదు. మర్నాటి సాయంత్రం నుంచి మీ తొడలు బిగుసుకుపోవడం మొదలైంది. మూడో రోజుకి బాత్రూంలో కూర్చుని లేవాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నడక అలవాటే లేని మీ ఆవిడకి పిక్కల్లో కాస్త సలుపు తప్ప ఏమీ లేదు. మీ అత్తగారు నరాలు పట్టేశాయన్నారు. ఆఫీసు ఫ్రెండ్ లాక్టిక్ యాసిడ్ పేరుకుందన్నాడు. జిమ్ ట్రైనర్ "కండ చిరిగింది, మంచిదే, చిరిగితేనే పెరుగుతుంది" అన్నాడు. ఇందులో ఏది నిజం, అసలు కండరం లోపల జరిగేదేంటి అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. 22 ఏళ్ల ప్రాక్టీసులో ఏడేళ్లు తిరుపతిలోనే ఉన్నాను, కాబట్టి కొండ దిగి వచ్చిన తొడల్ని చాలా చూశాను. ముగ్గురిలో మీ ట్రైనరే నిజానికి కాస్త దగ్గరగా వచ్చాడు, అతని మాటలో రెండో సగం మాత్రం తప్పు. అసలు విషయం ఏంటంటే, మీకు నొప్పి వచ్చింది ఎక్కినందుకు కాదు, దిగినందుకు. ఎందుకో తెలియాలంటే కండరం ఎలా లాగుతుందో తెలియాలి. కాస్త ఓపిగ్గా చదవండి.

నొప్పి తగ్గాక ఒక చిన్న పని చేసి చూడండి. కుర్చీ అంచున కూర్చుని, రెండు అరచేతులూ మోకాళ్లకి కాస్త పైన, తొడల మీద ఆనించండి. చేతులతో తొయ్యకుండా మెల్లగా లేవండి. అరచేతుల కింద తొడ రాయిలా బిగుసుకోవడం తెలుస్తుంది. ఇప్పుడు అంతే మెల్లగా, నాలుగు లెక్కపెడుతూ, కూర్చోండి. తొడ మళ్లీ అలాగే బిగుసుకుని ఉంటుంది! వదులవ్వలేదు. కూర్చునేటప్పుడు మనం "విశ్రాంతిగా కిందికి వెళ్తున్నాం" అనుకుంటాం, కానీ తొడ పట్టి ఆపకపోతే దబ్బున కూలబడతాం. లేచేటప్పుడూ కూర్చునేటప్పుడూ పనిచేసింది అదే కండరం. లేచేటప్పుడు అది పొట్టిదవుతూ లాగింది. కూర్చునేటప్పుడు సాగుతూ లాగింది. ఈ రెండో రకం పనే మీ కథలో అసలు సంగతి.

ముందు కండరం ఎలా కట్టి ఉంటుందో చూద్దాం. మాంసాహారులైతే ఇది మీకు సగం తెలుసు. మటన్ కొట్టులో తొడ ముక్క తీసుకున్నప్పుడు దాని మీద పల్చటి, మెరిసే తెల్లటి పొర ఉంటుంది. అది కండరాన్ని చుట్టి ఉంచే సంచి. దాని లోపల కట్టలు కట్టలుగా కండ, ఒక్కో కట్ట చుట్టూ మళ్లీ ఇంకో సన్నటి పొర. బాగా ఉడికాక ముక్క పీచు పీచుగా విడిపోతుంది కదా, ఆ పీచు ఒక్కొక్కటీ ఒక కట్ట. ఆ కట్టలో ఉండే ఒక్కో పోగు ఒక్కో కణం. మామూలు కణాల్లా గుండ్రంగా ఉండదు. వెంట్రుకంత మందం, చాలాసార్లు అంతకన్నా సన్నం, పొడవు మాత్రం కొన్ని సెంటీమీటర్లు. అంత పొడుగు కణాన్ని ఒక్క కేంద్రకం చూసుకోలేదు కాబట్టి ఒక్కో పోగులో వందల కేంద్రకాలు ఉంటాయి. ఈ పొరలన్నీ చివరికి వచ్చేసరికి కలిసిపోయి గట్టి తెల్లటి తాడులా మారి ఎముకని పట్టుకుంటాయి. దాన్నే టెండన్ అంటాం. మడమ వెనక చేత్తో పట్టుకుంటే దొరికే లావుపాటి తాడు అదే.

ఇక్కడ మీ అత్తగారి మాటకి వస్తాను. మన భాషలో ఆ తాడునీ నరమే అంటాం, చేతి మీద నీలంగా కనిపించే సిరనీ నరమే అంటాం, మెదడు నుంచి ఆజ్ఞలు తెచ్చే అసలు నరాన్నీ నరమే అంటాం. అందుకే పేషెంట్ "నరం లాగుతోందండీ" అనగానే నేను ముందు చేసే పని, ఒక్క వేలితో ఎక్కడో చూపించమనడం. అసలు నరానికి ఇబ్బంది వస్తే తిమ్మిరి, కరెంటు షాక్ కొట్టినట్టు జుమ్మనడం, ఒక గీతలా కిందికి పాకడం ఉంటాయి. మీరు రాసిన నొప్పి రెండు తొడల ముందు వైపంతా పరుచుకుని ఉంది, నొక్కితే ఎక్కువవుతోంది, కదలకుండా ఉంటే లేదు. అది కండరం నొప్పి. నరం కాదు.

ఒంట్లో ఇలా ఎముకలకి అతుక్కుని మనం చెప్పినట్టు వినే కండరాలు 600కి పైగా ఉన్నాయి. గుండె కండరం వేరు, పేగుల్లో రక్తనాళాల్లో ఉండే నునుపు కండరం వేరు. వాటికి మన ఆజ్ఞతో పనిలేదు, వాటి గురించి ఇక్కడ చెప్పను. మీ కథానాయిక తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్. నిజానికి అది నాలుగు కండరాల గుంపు. నాలుగూ కలిసి మోకాలి చిప్పని పట్టుకుని, చిప్ప మీదుగా కింది ఎముకకి తగులుకుంటాయి. వాటి పని మోకాలిని చాపడం, లేదా మోకాలు మడుచుకుపోకుండా ఆపడం.

కండరానికి తెలిసిన విద్య ఒక్కటే, లాగడం. తొయ్యడం దానికి రాదు. మీరు తలుపు తోసేటప్పుడు కూడా లోపల కండరాలు ఎముకల్ని లాగుతూనే ఉంటాయి, తోపు ఎముకల నుంచి వస్తుంది. అందుకే కండరాలు జంటలుగా ఉంటాయి. మోచెయ్యి ముడిచేది ఒకటి, చాపేది దాని వెనక ఇంకొకటి.

మరి ఆ లాగుడు ఎక్కడ పుడుతుంది? పోగు లోపల ఇంకా సన్నటి దారాలు వేలకొద్దీ ఉంటాయి. ఒక్కో దారాన్ని మైక్రోస్కోప్‌లో చూస్తే అడ్డ చారలు కనిపిస్తాయి. రెండు గీతల మధ్య ఉండే ఒక్కో గదిని సార్కోమియర్ అంటారు. దాని పొడవు మిల్లీమీటర్‌లో ఐదొందల వంతు కన్నా కొంచెం ఎక్కువ. అంటే 10 సెంటీమీటర్ల పోగులో ఈ గదులు ఒకదాని వెనక ఒకటిగా 40 వేల పైచిలుకు ఉంటాయి. ఒక్కో గదిలో మధ్యన మందపాటి కడ్డీలు, వాటి పేరు మయోసిన్. రెండు వైపుల గోడల నుంచి లోపలికి వచ్చే సన్నటి తీగలు, వాటి పేరు యాక్టిన్. కండరం కుదించుకున్నప్పుడు ఈ కడ్డీలూ కుదించుకోవు, తీగలూ కుదించుకోవు. అగ్గిపెట్టెలో అర లోపలికి జారినట్టు ఒకదాని సందులోకి ఇంకొకటి జారుతుంది. అరా అంతే ఉంటుంది, పైపెట్టే అంతే ఉంటుంది, మొత్తం పొడవు మాత్రం తగ్గుతుంది. ఈ సంగతి 1954లో బయటపడింది. ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె ఒక జట్టు, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఇంకో జట్టు. నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది. ఆ ఇద్దరు హక్స్‌లీలకీ చుట్టరికం ఏమీ లేదు, చదువుకునే రోజుల్లో మేమంతా అన్నదమ్ములనే అనుకునేవాళ్లం.

జరిపేది ఎవరు? మయోసిన్ కడ్డీ నుంచి చిన్న చిన్న చేతులు బయటికి వచ్చి ఉంటాయి. చేదబావిలో నీళ్లు తోడినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక చెయ్యి తాడు పట్టుకుని జానెడు లాగుతుంది, వదిలి మళ్లీ పైన పట్టుకుంటుంది, ఈలోగా ఇంకో చెయ్యి పట్టే ఉంచుతుంది. మయోసిన్ చేతులు చేసేదీ సరిగ్గా ఇదే, కాకపోతే ఒక్కో లాగుడికి జరిగే దూరం మిల్లీమీటర్‌లో లక్షో వంతు. లక్షల చేతులు, వేల గదులు కలిస్తే మీ కాలు మెట్టెక్కుతుంది.

ఈ చేతులు ఎప్పుడు పడితే అప్పుడు తాడు పట్టుకోవు. తీగ మీద కాపలాగా వేరే ప్రోటీన్లు ఉంటాయి, చేతులు పట్టుకునే చోటుని కప్పి ఉంచుతాయి. నరం చివర నుంచి ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం పోగు మీద పడితే, పోగంతా చిన్న కరెంటు పాకుతుంది. దాంతో లోపల సంచుల్లో దాచిన కాల్షియం బయటికి వస్తుంది, అది వచ్చి ఆ మూత తీస్తుంది. ఆజ్ఞ ఆగగానే కాల్షియం మళ్లీ సంచుల్లోకి వెళ్తుంది, మూత పడుతుంది, కండరం వదులవుతుంది. ఈ ఆజ్ఞ దారి ఎంత ముఖ్యమో కట్లపాము కాటు తిన్నవాళ్లని చూస్తే తెలుస్తుంది. దాని విషం నరం చివర్లని పని చెయ్యనివ్వదు. ముందు కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత మింగలేరు, చివరికి ఊపిరి తియ్యలేరు. కండరాలన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి, వాటికి కబురు అందదు, అంతే. అలాంటివాళ్లని వెంటిలేటర్ మీద పెట్టి నిలబెడితే చాలామంది మళ్లీ లేచి నడుచుకుంటూ ఇంటికి వెళ్తారు.

ఇప్పుడు ఇంధనం సంగతి. ఇక్కడే మీ ఫ్రెండ్ చెప్పిన లాక్టిక్ యాసిడ్ వస్తుంది, మన భీమవరం కూడా వస్తుంది.

1920ల్లో శాస్త్రవేత్తల నమ్మకం ఏంటంటే, లాక్టిక్ యాసిడ్ పుట్టడమే కండరాన్ని కుదిస్తుందని. కండరం మీద చేసిన పరిశోధనకి ఎ.వి. హిల్, ఓటో మేయర్‌హోఫ్‌లకి 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. వాళ్లు గొప్ప పని చేసినవాళ్లే, కానీ ఆ ఒక్క నమ్మకం నిలబడలేదు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. ఇద్దరూ కలిసి ముందు భాస్వరాన్ని ఖచ్చితంగా కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తుంటే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే, కండరం శక్తిని దాచుకునే రసాయనం దొరికింది. కండరం పనిచేస్తుంటే అది తరిగిపోతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండుతుంది. 1929లో ఏటీపీ దొరికింది, అంటే కణాలు నేరుగా ఖర్చుపెట్టే ఇంధనం. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు దాన్ని విడిగా కనిపెట్టాడు. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్, లాక్టిక్ యాసిడ్ పుట్టకుండా మందు పెట్టిన కండరం కూడా కాసేపు చక్కగా కుదించుకుంటుందని చూపించాడు. దాంతో పాత నమ్మకం పోయింది. జిమ్‌లో క్రియాటిన్ డబ్బా కొనే మన కుర్రాళ్లలో ఎంతమందికి ఈ కథలో ఒక తెలుగువాడు ఉన్నాడని తెలుసో గానీ, నాకు మాత్రం ఈ సంగతి చెప్పే ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. ఆయన 1948లోనే చనిపోయారు, నోబెల్ రాలేదు.

ఏటీపీ ఏం చేస్తుంది? అందరూ అది కండరాన్ని లాగిస్తుందని మాత్రమే అనుకుంటారు. మయోసిన్ చెయ్యి తాడుని వదలాలన్నా ఏటీపీ కావాలి. ఒక్కో లాగుడు అయ్యాక కొత్త ఏటీపీ వచ్చి తగిలితేనే ఆ పట్టు వీడుతుంది. చనిపోయిన మనిషి శరీరం కొన్ని గంటల్లో కట్టెలా బిగుసుకోవడానికి కారణం ఇదే. ఏటీపీ అయిపోయింది, చేతులన్నీ పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోయాయి.

కండరంలో నిల్వ ఉండే ఏటీపీ గట్టిగా పనిచేస్తే రెండు మూడు సెకన్లకి సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ ఇంకో పది సెకన్ల దాకా ఆదుకుంటుంది. తర్వాత చక్కెరని ఆక్సిజన్ లేకుండానే గబగబా విరిచే దారి, దాంట్లో లాక్టేట్ వస్తుంది, మీ ఫ్రెండ్ లాక్టిక్ యాసిడ్ అన్నది దీన్నే. గంటల తరబడి నడవాలంటే ఆక్సిజన్‌తో చక్కెరనీ కొవ్వునీ మండించే దారే దిక్కు. లాక్టేట్ కూడా చెత్త కాదు, గుండె దాన్నే ఇంధనంగా వాడుకుంటుంది. ఎంత పేరుకున్నా పని ఆపాక ఇంచుమించు గంటలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మీ నొప్పి మర్నాడు మొదలై మూడో రోజు ముదిరింది. అప్పటికి ఆ లాక్టేట్ ఎక్కడుంటుంది? పైగా లాక్టేట్ ఎక్కువ పుట్టేది ఆయాసపడుతూ ఎక్కినప్పుడు. అదే నొప్పికి కారణమైతే మీ ఆవిడకీ మీకూ సమానంగా రావాలి.

ఇక దిగడం. మళ్లీ బావి దగ్గరికే వెళ్దాం. ఖాళీ చేద లోపలికి వదలడం తేలిక. కానీ నిండు బిందెనో, ధాన్యం బస్తానో పైనుంచి తాడుతో మెల్లగా కిందికి దించాలంటే? తాడు పట్టుకునే ఉండాలి, కొద్దికొద్దిగా జారనివ్వాలి. ఆయాసం రాదు. అరచేతులు మాత్రం కమిలిపోతాయి. మెట్టు దిగుతున్నప్పుడు మీ తొడలో జరిగింది ఇదే. పై మెట్టు మీద ఉన్న కాలి మోకాలు మెల్లగా మడుచుకుంటోంది, ఒంటి బరువంతా దాని మీద ఉంది, క్వాడ్రిసెప్స్ గట్టిగా పట్టుకునే సాగుతోంది. మయోసిన్ చేతులు తాడు పట్టుకున్నాయి, కానీ బరువు ఆ తాడుని వాటి చేతుల్లోంచి బలవంతంగా గుంజేస్తోంది. గుంజుకుపోయిన పట్టుకి ఏటీపీ ఖర్చు ఉండదు. అందుకే దిగేటప్పుడు ఆక్సిజన్ చాలా తక్కువ పడుతుంది, రొప్పు రాదు, మనకి "ఏమీ కావట్లేదు" అనిపిస్తుంది.

ఇది ఎంత తేడానో చూపించడానికి 1952లో లండన్‌లో ముగ్గురు శాస్త్రవేత్తలు, ఆబట్, బ్రెండా బిగ్లండ్, రిచీ, రెండు సైకిళ్లని వెనకా వెనకా పెట్టి ఒక చెయిన్‌తో కలిపారు. ఒకరు ముందుకి తొక్కాలి, ఇంకొకరు తిరిగే పెడల్స్‌ని కాళ్లతో ఆపడానికి ప్రయత్నించాలి. రెండు వైపులా బలం ఒక్కటే. తొక్కే మగమనిషి కాసేపటికే అలసిపోయాడు, ఎదురు ఆపుతున్న చిన్నపాటి ఆడమనిషికి చెమట కూడా సరిగా పట్టలేదు. ఎక్కడానికీ దిగడానికీ తేడా ఇదే.

మరి తక్కువ ఖర్చయితే నొప్పి ఎందుకు? సాగుతూ లాగేటప్పుడు ఒక్కో పోగు మామూలు కన్నా ఎక్కువ బలాన్ని ఆపగలదు. కాబట్టి అదే బరువుకి తక్కువ పోగులు చాలు. మెదడు తక్కువ పోగుల్నే పిలుస్తుంది. అంటే పిలిచిన ప్రతి పోగు మీదా భారం ఎక్కువ. పైగా 40 వేల గదులు ఒకేలా ఉండవు, కొన్ని కాస్త బలహీనం. సాగదీసినప్పుడు ముందు అవే విడిపోతాయి. గాలిగోపురం నుంచి అలిపిరి దాకా దాదాపు 2 వేల మెట్లు నిటారుగా దిగాలి. ఒక్కో కాలికి వెయ్యి బ్రేకులు! 1981లో స్వీడన్ పరిశోధకులు మెట్లు పదేపదే దిగినవాళ్ల పిక్కల్లోంచి చిన్న ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశారు. తిన్నగా ఉండాల్సిన గది గోడలు అలలు అలలుగా, చెరిగిన ముగ్గులా కనిపించాయి. మీ ట్రైనర్ "చిరగడం" అన్నది దీన్నే. కంటికి కనిపించే చిరుగు కాదు, పోగు తెగిపోవడం కాదు. గదుల గోడలు చెదరడం.

ఆలస్యంగా నొప్పి రావడానికి కారణం ఉంది. పోగు లోపల నొప్పి తెలిసే నరాల కొసలు ఉండవు. అవి పోగుల చుట్టూ ఉన్న పొరల్లో ఉంటాయి. గోడలు చెదిరిన చోటికి మరమ్మతు కణాలు చేరడం, నీరు పట్టడం, అక్కడి రసాయనాల వల్ల ఆ కొసలు చురుగ్గా తయారవడం, ఇదంతా జరగడానికి ఒక రోజు పడుతుంది. 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి, వారం లోపు సర్దుకుంటుంది.

మీ ఆవిడ తొడలు ఎక్కేటప్పుడు పొట్టిదవుతూ లాగాయి. ఆయాసం పడ్డారు, చెమట పట్టింది, గుండె దడదడలాడింది, కానీ గది గోడల్ని ఎవరూ గుంజలేదు. మీ రోజువారీ నడక సంగతి కూడా చెప్పాలి. చదునైన పార్కులో నడక గుండెకి మంచిది, దాన్ని మానకండి. కానీ దాంట్లో తొడకి గట్టి బ్రేకు వెయ్యాల్సిన పని దాదాపు లేదు. అలవాటు లేని పనిని ఒకేసారి 3,550 మెట్లు చేశారు. మీరు బలహీనులు కాబట్టి రాలేదు, కొత్త కాబట్టి వచ్చింది.

ఇప్పుడేం చెయ్యాలి అంటే, మెల్లగా కదులుతూ ఉండండి. పూర్తిగా మంచానికి అతుక్కుపోతే ఇంకా బిగుస్తుంది. ఇంట్లో అటూ ఇటూ నడవడం, గోరువెచ్చటి నీళ్ల స్నానం హాయినిస్తాయి. గట్టిగా పిసికించుకోవద్దు. నొప్పి ఇంజెక్షన్లు అక్కర్లేదు. నాలుగైదు రోజులు తొడలకి బరువు పనులు పెట్టకండి, ఎందుకంటే ఇప్పుడు బలం నిజంగానే తగ్గి ఉంటుంది, మోకాలు మడుచుకుపోయి పడే ప్రమాదం ఉంది.

కానీ కొన్ని లక్షణాలు కనిపిస్తే ఇక్కడ అడుగుతూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మూత్రం డికాషన్ రంగులో వస్తే వెంటనే వెళ్లండి. పోగులు పెద్ద ఎత్తున పగిలి లోపలి మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వచ్చిందని అర్థం, అది కిడ్నీలని దెబ్బతీస్తుంది. నీళ్లు తాగకుండా ఎండలో అతిగా శ్రమపడినవాళ్లలో చూశాం. ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలు వేసుకుంటూ, ఏ శ్రమా లేకుండానే కండరాలు నొప్పి పెడుతుంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, మాత్రలు మీరే ఆపెయ్యకండి.

ట్రైనర్ మాటలో తప్పు సగం మిగిలింది. కండరం పెరగడానికి చిరగక్కర్లేదు, నొప్పి రానక్కర్లేదు. పెరగమని చెప్పేది పోగు మీద పడే లాగుడు, అంటే టెన్షన్. ఆ లాగుడుని పోగు గుర్తుపట్టి లోపల కొత్త ప్రోటీన్ కట్టుకుంటుంది, సన్నటి దారాలు పెరుగుతాయి, పోగు లావెక్కుతుంది. పోగుల సంఖ్య పెద్దగా పెరగదు. పోగు అంచున నిద్రపోతున్నట్టు ఉండే శాటిలైట్ కణాలు లేచి వచ్చి తమ కేంద్రకాలని పోగుకి ఇస్తాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో వాటిని గుర్తించాడు. జిమ్‌లో చేరిన మొదటి మూడు నాలుగు వారాల్లో బరువు ఎక్కువ ఎత్తగలిగితే అది కండ పెరిగినందుకు కాదు, ఉన్న పోగుల్ని ఒకేసారి పిలవడం మెదడు నేర్చుకున్నందుకు. అద్దంలో తేడా కనిపించడానికి సాధారణంగా రెండు నెలలు పడుతుంది.

దానికి సరుకు కావాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్. 70 కిలోల మనిషికి 58 గ్రాములు. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటుంది, ఒక గుడ్డులో ఆరు. మన కంచంలో అన్నం కొండంత, పప్పు చెంచాడు. దాన్ని కాస్త తిరగేసుకుంటే డబ్బాల పొడి అక్కర్లేకుండానే చాలామందికి సరిపోతుంది.

మంచి వార్త ఒకటి. ఒకసారి ఇలా దెబ్బతిన్న కండరం కొన్ని వారాల పాటు అదే పనికి తట్టుకుంటుంది. మళ్లీ నెలలోపు అవే మెట్లు దిగితే నొప్పి సగం కూడా రాదు. కాబట్టి వచ్చేసారి కొండకి వెళ్లే మూడు వారాల ముందు నుంచి, వారానికి రెండుసార్లు, మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్‌లో పైకి వెళ్లి మెట్ల మీదుగా దిగండి. మొదటిసారి ఐదు అంతస్తులు చాలు. తర్వాత ఒక్కో సారికి రెండు మూడు పెంచుకోండి. మెట్టు మీద ధన్‌మని పడకుండా, పై కాలితో పట్టి దించండి. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ముందు చూపించుకుని మొదలుపెట్టాలి.

మీ అత్తగారి వయసు 64 అని రాశారు. ఆవిడతో ఒక పని చేయించండి. కుర్చీ గోడకి ఆనించి, చేతులు గుండెల మీద పెట్టుకుని, నాలుగు లెక్కపెడుతూ కూర్చోమనండి. మీరు పక్కనే ఉండండి. చాలామంది పెద్దవాళ్లు సగం దూరం బాగానే వచ్చి చివర్లో దబ్బున పడిపోతారు, అక్కడ తొడ బ్రేకు వదిలేస్తోందని అర్థం. అదే బ్రేకు మెట్ల మీద వదిలేస్తే తుంటి విరుగుతుంది. ఆవిడకి అలా జరుగుతుంటే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచి, పడిపోకుండా కూర్చోగలిగినంత ఎత్తు నుంచి మొదలుపెట్టండి. రోజు విడిచి రోజు, ఎనిమిదేసి సార్లు. రెండు వారాలు ఇబ్బంది లేకపోతే దిండు పల్చబరచండి. ఎంత ఎత్తు దగ్గర ఆగుతున్నారో ఇక్కడ రాయండి, తర్వాత ఏం చెయ్యాలో చెబుతాను.